డ్రాఫ్ట్ బోర్డు మీద అంకెలు, వాటి మధ్య ఖాళీలు

2025 ఏప్రిల్ 24 రాత్రి అమెరికాలోని గ్రీన్ బేలో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదలైంది. అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. కొలరాడో యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు, షెడూర్ శాండర్స్ ఆ రాత్రే ఎంపికవుతాడని చాలామంది అనుకున్నారు. నాలుగు దశాబ్దాలుగా క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్‌లో డ్రాఫ్ట్ విశ్లేషణ చేస్తున్న మెల్ కైపర్ తన జాబితాలో అతన్ని మొదటి పది మందిలో పెట్టాడు. మొదటి రౌండ్ అయిపోయింది, శాండర్స్ పేరు రాలేదు. మర్నాడు రెండు, మూడు రౌండ్లూ అయిపోయాయి. చివరికి మూడో రోజు ఐదో రౌండ్‌లో, 144వ స్థానంలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అతన్ని తీసుకుంది. అప్పటికే ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. వాళ్లలో డిలన్ గేబ్రియల్‌ను మూడో రౌండ్‌లో తీసుకున్నది కూడా బ్రౌన్సే.

ఆ మూడు రోజులూ టీవీల్లో ఒకటే చర్చ: శాండర్స్ ఎందుకు పడిపోయాడు? పడిపోవాలంటే ముందు ఒక ఎత్తున ఉండాలి. అతన్ని ఆ ఎత్తున నిలబెట్టినవి బయటి జాబితాలు. 32 జట్ల గదుల్లో గోడకు తగిలించిన బోర్డుల మీద అతని పేరు ఎక్కడుందో బయటివాళ్లెవరూ చూడలేదు. కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ర్యాంకులివ్వడం గురించి మాట్లాడుకోవాలంటే ముందు ఈ తేడా దగ్గర ఆగాలి.

మనకు తెలిసిన ఐపీఎల్ వేలంలో ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు ఆటగాడు దక్కుతాడు. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో పాట ఉండదు, వరుస ఉంటుంది. క్రితం సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి అవకాశం, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు ఆ రౌండ్‌లో చివరి అవకాశం. అలా ఏడు రౌండ్లు. హైస్కూల్ పూర్తయి కనీసం మూడేళ్లు గడిచిన కుర్రాళ్లే అర్హులు. 2025లో మొత్తం 257 మందిని తీసుకున్నారు. బలహీనమైన జట్లు నిలదొక్కుకోవాలని ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగింది. అందులో అందరికన్నా ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మొట్టమొదటి ర్యాంకుతోనే ఈ కథ ఇలా మొదలైంది.

బయట కనిపించే జాబితాలు రెండు రకాలు. వాటిని కలిపి చదవడం వల్లే సగం గందరగోళం పుడుతుంది. మాక్ డ్రాఫ్ట్ అంటే ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందో ముందే చెప్పే ప్రయత్నం. బిగ్ బోర్డ్ అంటే జట్ల అవసరాలతో సంబంధం లేకుండా ఆటగాళ్లను మంచి నుంచి తక్కువకు పేర్చిన వరుస. ఒకటి జట్ల మనసు చదివే పని, రెండోది ఆటగాడిని చదివే పని. జట్ల సొంత బోర్డు ఈ రెండింటిలాగానూ ఉండదు. తమ పద్ధతికి సరిపోని వాళ్లను, డాక్టర్లు వద్దన్న వాళ్లను, ప్రవర్తన మీద అనుమానమున్న వాళ్లను ముందే తీసేస్తారు. అందుకే చాలా జట్ల తుది బోర్డు మీద, డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యే మొత్తం ఆటగాళ్లకన్నా తక్కువ పేర్లు మిగులుతాయి. మిగిలినవాళ్లను కూడా ఒక్కో గ్రేడ్ ఇచ్చి గుంపులుగా పెడతారు. మొదటి రోజు నుంచే ఆడగలవాడు, ఏడాది తర్వాత స్థానం సంపాదించగలవాడు, బెంచి మీద పనికొచ్చేవాడు, ఇలా. ఒకే గుంపులో ఉన్న ఎనిమిది మంది మధ్య తేడా చిన్నది. ఆ గుంపుకీ కింది గుంపుకీ మధ్య ఉన్న ఖాళీయే అసలు సమాచారం. బయటి జాబితాలో 14వ వాడికీ 15వ వాడికీ మధ్య ఎంత దూరమో, 15కీ 16కీ మధ్య కూడా అంతే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీలను చెరిపేసిన జాబితా చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, అది చెప్పేది చాలా తక్కువ.

గ్రేడ్ ఇవ్వడానికి పునాది టేప్. అంటే మ్యాచ్ వీడియో. అదీ టీవీలో మనం చూసేది కాదు, మైదానంలో ఉన్న 22 మందీ ఒకేసారి కనిపించేలా పైనుంచి తీసిన వీడియో. ప్రాంతీయ స్కౌట్లు, అంటే జట్టు కోసం ఆటగాళ్లను గమనించి అంచనా వేసేవాళ్లు, ఆగస్టు నుంచే కాలేజీలు తిరుగుతారు. ప్రాక్టీస్ చూస్తారు, కోచ్‌లతోపాటు ట్రైనర్లనూ జిమ్ సిబ్బందినీ కదిలిస్తారు, ప్రతి ఆటగాడి మీదా రిపోర్ట్ రాస్తారు. అదే ఆటగాడిని తర్వాత పైస్థాయి స్కౌట్ ఇంకోసారి చూస్తాడు. శీతాకాలంలో అందరూ ఒక గదిలో కూర్చుని పేరుపేరునా వాదించుకుంటారు. ఇక్కడే పెద్ద చిక్కొచ్చి పడుతుంది. ఒక స్కౌట్ ‘చురుకైనవాడు’ అని రాస్తే ఇంకో స్కౌట్ అదే మాటను ఇంకో అర్థంలో వాడతాడు. ఒకడి పదికి ఏడు, ఇంకొకడి పదికి ఎనిమిది ఒకటే కావచ్చు.

ఈ చిక్కుముడిని 1960ల్లోనే విప్పడానికి కూర్చున్నవాడు భారతదేశంలో పుట్టినవాడు. పేరు సలాం ఖురేషీ. ఐబీఎం అనుబంధ సంస్థలో గణాంక నిపుణుడు. అతనికి తెలిసిన ఆట క్రికెట్, అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఆటగాళ్ల ఎంపికను కంప్యూటర్‌తో మెరుగుపరచాలనుకున్న డాలస్ కౌబాయ్స్ అధికారి టెక్స్ ష్రామ్ అతనితో పని చేయించాడు. స్కౌటింగ్ చూసే గిల్ బ్రాంట్ తోడయ్యాడు. వాళ్లు కోచ్‌లు వాడే వందలాది వర్ణనలను జల్లెడ పట్టి, వ్యక్తిత్వం, చురుకుదనంతో కూడిన శరీర నియంత్రణ, పోటీతత్వం, మెదడు పదును, బలం అనే ఐదు లక్షణాల దగ్గరికి తెచ్చారు. ఎత్తు, బరువు, వేగం ఎలాగూ కొలతలే. స్కౌట్ ఇష్టమొచ్చిన మాట రాయకుండా, ముందే రాసిన వాక్యాలకు మార్కులు వేసేలా ప్రశ్నాపత్రం తయారు చేశారు. ఏ స్కౌట్ ఉదారంగా మార్కులేస్తాడో, ఏ స్కౌట్ పిసినారో కూడా లెక్కలోకి తెచ్చారు. ఆట తెలియకపోవడం అతనికి మేలే చేసిందనిపిస్తుంది. ఆట తెలిసినవాడికి ‘చురుకైనవాడు’ అనే మాట దగ్గర అనుమానమే రాదు.

కౌబాయ్స్ 1966 నుంచి 1985 దాకా వరుసగా 20 సీజన్లు ఓటములకన్నా గెలుపులే ఎక్కువగా ముగించింది. అదంతా కంప్యూటర్ వల్లే అనడం సరికాదు, టామ్ లాండ్రీలాంటి కోచ్ ఉన్నాడు. ఇప్పుడు ఆ జట్టు కార్యాలయం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంది. తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన ఊరది. అక్కడి స్కూళ్లలో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ చూస్తూ పెరిగే తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఖురేషీ పేరు తెలుసో గానీ, తెలియాల్సిన పేరది.

టేప్ తర్వాత అందరి కళ్లూ కంబైన్ మీద ఉంటాయి. 1987 నుంచి ఇండియానాపోలిస్‌లో జరిగే ఈ పరీక్షలకు మూడు వందలకు పైగా ఆటగాళ్లను పిలుస్తారు. 40 గజాల పరుగు, నిలబడి ఎగరడం, నిలబడి ముందుకు దూకడం, మలుపులు తిరిగే పరుగు, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరో చూడటం. 225 పౌండ్లంటే సుమారు 102 కిలోలు. 2024లో జేవియర్ వర్తీ 40 గజాలను 4.21 సెకన్లలో పరిగెత్తి కంబైన్ రికార్డు సృష్టించాడు. టీవీలో ఇది మంచి వినోదం. నిజం చెప్పాలంటే ఈ కొలతలకు వాటి విలువ వాటికి ఉంది. కానీ ఆ విలువ మైదానంలో ఆటగాడు ఆడే స్థానాన్నిబట్టి మారుతుంది. ముందు వరుసలో ప్రత్యర్థిని ఢీకొనే 140 కిలోల లైన్‌మ్యాన్ మ్యాచ్‌లో 40 గజాలు పరిగెత్తే సందర్భం అరుదు. అతని విషయంలో మొదటి 10 గజాల సమయం ఎక్కువ చెబుతుంది.

కొలత టేప్‌ను మింగేస్తే ఏమవుతుందో 2008లో న్యూయార్క్ జెట్స్ చూసింది. ఒహాయో స్టేట్ డిఫెండర్ వర్నన్ గోల్‌స్టన్ కంబైన్‌లో ఆ బరువును 37 సార్లు ఎత్తాడు, భారీ ఒడ్డూపొడవుతో వేగంగా పరిగెత్తాడు. జెట్స్ ఆరో స్థానంలో తీసుకుంది. అతని పని ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే పడగొట్టడం. దాన్నే శాక్ అంటారు. మూడు సీజన్లలో గోల్‌స్టన్ ఒక్క శాక్ కూడా చేయలేదు. ఇందుకు పూర్తిగా ఎదురు కథ టెరెల్ సగ్స్‌ది. 2002లో అరిజోనా స్టేట్ తరఫున ఒకే సీజన్‌లో 24 శాక్‌లు చేశాడు. డ్రాఫ్ట్‌కు ముందు 40 గజాల పరుగులో నెమ్మదిగా కనిపించాడు. 2003లో పదో స్థానంలో బాల్టిమోర్ రేవెన్స్ తీసుకుంది. కెరీర్ ముగిసేసరికి అతని శాక్‌లు 139. సగ్స్‌కు వేగం తక్కువే కావచ్చు, కానీ ఎదుటివాడి చేతులను ఎలా తప్పించాలో, ఏ అడుగు ఎప్పుడు వేయాలో తెలుసు. దాన్ని కొలిచే గడియారం లేదు.

కాలేజీ టేప్‌ను కూడా కళ్లు మూసుకుని నమ్మలేరు. కాలేజీ ఆట, ప్రొఫెషనల్ ఆట చూడటానికి ఒకటే, లోపల వేరు. ప్రతి ఆటనూ మొదలుపెట్టే చోటును నిర్ణయించే గీతల వరుసల మధ్య దూరం కాలేజీ మైదానంలో 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఒక పక్కకు వెళితే రెండో పక్క విశాలంగా ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో పెద్దపెద్ద అంకెలు నమోదు చేసిన క్వార్టర్‌బ్యాక్‌కు ఎన్ఎఫ్ఎల్‌లో అదే ఖాళీ దొరకదు. ప్రత్యర్థుల స్థాయి కూడా ఒకటి కాదు. ఒక వారం అలబామాలాంటి గట్టి జట్టుతో ఆడినవాడు ఇంకో వారం చాలా బలహీనమైన జట్టుతో ఆడతాడు. అందుకే మంచి స్కౌట్ మొత్తం గణాంకాలకన్నా గట్టి జట్ల మీద, పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో, ఒత్తిడిలో ఏం చేశాడన్నదే ఎక్కువ చూస్తాడు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విషయంలో తప్పిపోయింది ఇక్కడే. 40 గజాలకు 5.28 సెకన్లు తీసుకున్న సన్నటి కుర్రాడు 2000లో 199వ స్థానం దాకా మిగిలిపోయాడు. మిషిగన్‌లో చివరి సీజన్‌లో సైతం తన స్థానాన్ని ఇంకో ఆటగాడితో పంచుకోవాల్సి వచ్చింది, అయినా మ్యాచ్ చేజారుతున్నప్పుడు నిలబెట్టింది అతనే. తర్వాత ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

కంబైన్‌లో టీవీ చూపించని భాగం వైద్య పరీక్ష. జట్ల లోపలివాళ్లు చాలామంది దానికే ఎక్కువ విలువిస్తారు. నోటర్ డామ్ లైన్‌బ్యాకర్ జేలన్ స్మిత్ 2016 డ్రాఫ్ట్‌లో మొదటి ఐదుగురిలో ఉండాల్సినవాడు. ఆ జనవరి 1న చివరి కాలేజీ మ్యాచ్‌లో మోకాలు దారుణంగా దెబ్బతింది, నరం కూడా దెబ్బతింది. చాలా జట్లు అతన్ని పక్కన పెట్టేశాయి. రెండో రౌండ్‌లో 34వ స్థానంలో డాలస్ తీసుకుంది. అతనికి ఆపరేషన్ చేసింది కౌబాయ్స్ జట్టు డాక్టరే. ఆ మోకాలు కోలుకుంటుందా లేదా అన్నది అందరికన్నా బాగా తెలిసిన మనిషి వాళ్ల దగ్గర ఉన్నాడు. స్మిత్ మొదటి ఏడాది ఆడలేదు. 2019లో లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ఇలాంటి సమాచారం ఏ బయటి జాబితాకూ అందదు.

తర్వాతిది మైదానంలో ఆడే స్థానం ధర. మంచి ఆటగాడు ఎవరన్నది ఒక ప్రశ్న, ఏ స్థానం ఆటగాడు మ్యాచ్‌ను ఎక్కువ మారుస్తాడన్నది వేరే ప్రశ్న. 2024లో మొదటి 12 స్థానాల్లో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. కాలేజీలో టైట్ ఎండ్, అంటే ప్రత్యర్థిని అడ్డుకుంటూ బంతినీ అందుకునే ఆటగాడి స్థానానికే కొత్త అర్థం తెచ్చిన జార్జియా ఆటగాడు బ్రాక్ బవర్స్ 13వ స్థానం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆరుగురూ బవర్స్‌కన్నా మెరుగైన ఆటగాళ్లని చెప్పే స్కౌట్ దొరకడు. దీని వెనక డబ్బు లెక్క ఉంది. 2010లో మొదటి స్థానంలో వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 5 కోట్ల డాలర్లు గ్యారంటీగా దక్కాయి. 2011లో కొత్త ఒప్పందం వచ్చి కుర్రాళ్ల జీతాలను డ్రాఫ్ట్‌లో ఎంపికైన స్థానాన్నిబట్టి కట్టేసింది. ఆ ఏడాది మొదటివాడు కామ్ న్యూటన్ నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపి దాదాపు 2.2 కోట్ల డాలర్లే. అంటే క్వార్టర్‌బ్యాక్ కుదిరితే నాలుగైదేళ్లు చవకలో ఆడతాడు, మిగిలిన డబ్బుతో జట్టంతా కట్టుకోవచ్చు. ఈ ఆశే క్వార్టర్‌బ్యాక్‌లను టేప్ చెప్పిన చోటుకన్నా పైకి లాగుతుంది. దీన్ని తప్పనడం కష్టం, కానీ ఆ ర్యాంకు ఆటగాడి నాణ్యత మీద ఇచ్చిన తీర్పు అనుకుంటే మోసపోతాం.

ఖాళీల సంగతి ఎంత ఖరీదైనదో 2017 చెబుతుంది. డ్రాఫ్ట్ వరుసలో తమ స్థానాలను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు. ఆ ఏడాది చికాగో బేర్స్‌ది మూడో స్థానం. రెండో స్థానంలో ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోకు తమ మూడో స్థానంతోపాటు 67వ, 111వ స్థానాలు, పైగా మర్నాటి ఏడాది మూడో రౌండ్ అవకాశం ఇచ్చి ఒకే ఒక్క మెట్టు పైకి ఎక్కింది. ఎక్కి నార్త్ కరోలినా క్వార్టర్‌బ్యాక్ మిచెల్ ట్రబిస్కీని తీసుకుంది. కాలేజీలో అతను మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లు 13 మాత్రమే. అదే డ్రాఫ్ట్‌లో కాన్సస్ సిటీ 27 నుంచి పదో స్థానానికి ఎక్కి పాట్రిక్ మహోమ్స్‌ను, తర్వాత 12వ స్థానంలో హ్యూస్టన్ డెషాన్ వాట్సన్‌ను తీసుకున్నాయి. మహోమ్స్ మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. బేర్స్‌ను ఇప్పుడు తిట్టడం తేలిక. టెక్సస్ టెక్‌లో మహోమ్స్ ఆడిన పద్ధతి ఎన్ఎఫ్ఎల్‌కు పనికిరాదని అప్పట్లో చాలామందే అన్నారు. కాన్సస్ సిటీలో అతనికి ఆండీ రీడ్‌లాంటి కోచ్, మొదటి ఏడాదంతా పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశం దొరికాయి. చికాగోలో అవి లేవు. మహోమ్స్‌కన్నా ట్రబిస్కీని కొంచెం ముందు పెట్టడం పెద్ద తప్పు కాదు. ఆ ‘కొంచెం’ కోసం మూడు అదనపు అవకాశాలు ధారపోయడమే తప్పు.

ఆ ధర ఎంతుండాలో చెప్పే పట్టిక 1991 నుంచీ ఉంది. డాలస్ కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో ప్రసిద్ధమైనా, తయారు చేసింది జట్టులో వాటాదారు మైక్ మెకాయ్. అందులో మొదటి స్థానానికి 3000 పాయింట్లు, రెండో దానికి 2600, పదో దానికి 1300, 16వ దానికి 1000, 32వ దానికి 590. అంటే మొదటి స్థానం ఒక్కటి, మూడు 16వ స్థానాలకు సమానం. ఏ జట్టు అయినా మూడు 16వ స్థానాల ఆటగాళ్లను పెట్టుకుని చూస్తే, వాళ్లలో కనీసం ఒకడు మొదటివాడితో సమానంగా ఆడే అవకాశం తక్కువేమీ కాదు. ఆర్థికవేత్తలు కేడ్ మాస్సీ, రిచర్డ్ థేలర్ ఈ లెక్క మీదే పరిశోధన చేసి, పై స్థానాలకు జట్లు పెట్టే ధర చాలా ఎక్కువని తేల్చారు. వాళ్ల లెక్కల్లో ఇంకో అంకె ఉంది. ఒక ఆటగాడు, మైదానంలో తన స్థానంలోనే ఆడేవాళ్లలో తన వెంటనే తర్వాత ఎంపికైనవాడికన్నా మెరుగ్గా ఆడే అవకాశం దాదాపు 52 శాతం. బొమ్మా బొరుసా వేసుకోవడానికి కాస్త పైన. ఏడాది పొడవునా వందల మంది పని చేస్తే దొరికేది ఆ రెండు శాతం. అంటే స్కౌట్లు పనికిరానివాళ్లని కాదు. మొదటి రౌండ్ ఆటగాళ్లు ఆరో రౌండ్ వాళ్లకన్నా సగటున చాలా మెరుగ్గానే ఆడతారు. మెట్లు వాళ్లకు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకే మెట్టు మీద పక్కపక్కన నిలబడ్డవాళ్లను వేరు చేయడం మాత్రం ఎవరివల్లా కావడం లేదు.

2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు. కాలేజీ మారడం కూడా తేలికైంది. నాలుగో రౌండ్‌లో వెళ్లేలా ఉన్న కుర్రాడు ఇంకో ఏడాది కాలేజీలోనే ఉండిపోతున్నాడు. దాంతో బోర్డుల మీద 23, 24 ఏళ్లవాళ్లు పెరిగారు. 2024లో డెన్వర్ 12వ స్థానంలో తీసుకున్న బో నిక్స్ కాలేజీలో 61 మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడాడు. ట్రబిస్కీ 13 మ్యాచ్‌ల పక్కన ఈ 61 పెట్టి చూస్తే స్కౌట్‌కు దొరికే టేప్ ఎంత పెరిగిందో తెలుస్తుంది. కానీ 19 ఏళ్లవాళ్ల మీద 24 ఏళ్లవాడు బాగా ఆడితే అందులో ప్రతిభ ఎంత, వయసు ఎంత అన్న కొత్త ప్రశ్న కూడా వచ్చింది.

ఒకే జట్టు, ఒకే స్కౌటింగ్ గది ఏడాది తేడాతో ఏం చేసిందో చూస్తే ఇదంతా ఒక్కచోట కనిపిస్తుంది. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో 12వ స్థానం నుంచి మూడో స్థానానికి ఎక్కడానికి తర్వాతి రెండేళ్ల మొదటి రౌండ్ అవకాశాలు, మీద ఒక మూడో రౌండ్ అవకాశం మయామీకి ఇచ్చింది. తీసుకున్నది నార్త్ డకోటా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్‌ను. 2019లో అతను 28 టచ్‌డౌన్లు విసిరాడు, విసిరిన బంతి ఒక్కటీ ప్రత్యర్థికి చిక్కలేదు. అయితే అది కింది స్థాయి పోటీ. 2020లో కరోనా వల్ల ఒకే మ్యాచ్ ఆడాడు. చేతి బలం, పరుగు, వయసు అన్నీ ఉన్నాయి, టేప్ మాత్రం కొంచెమే. 2022లో అదే గది 262వ స్థానంలో, అంటే డ్రాఫ్ట్ మొత్తంలో చివరి పేరుగా, అయోవా స్టేట్ నుంచి బ్రాక్ పర్డీని తీసుకుంది. ఎత్తు తక్కువ, చేతి బలం సామాన్యం, కానీ నాలుగేళ్లు గట్టి జట్ల మీద ఆడిన టేప్ ఉంది. లాన్స్ ఆ జట్టు తరఫున మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లు నాలుగు. 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ అవకాశానికి అతన్ని డాలస్‌కు ఇచ్చేశారు. ఆ సీజన్‌లోనే పర్డీ జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లి, అదనపు సమయంలో మహోమ్స్ చేతిలో ఓడాడు. 2025 మేలో శాన్ ఫ్రాన్సిస్కో అతనితో 26.5 కోట్ల డాలర్లకు ఐదేళ్ల ఒప్పందం రాసుకుంది.